అల్యూమినియానికి తుప్పు పడుతుందా?

సందేహం: బెంగళూరు పీణ్యలో అల్యూమినియాన్ని కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించి పార్టులు చేసే (డై కాస్టింగ్) యూనిట్‌లో, క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. మన తెలుగు కుర్రాళ్ల కోసం గోడకు అంటించే కాగితంలో ‘తుప్పు పట్టకుండా ఆనోడైజింగ్ పూత పూస్తారు’ అని రాశాను. తుప్పు ఇనుముకే పడుతుందని ఒకరన్నారు. కుర్రాళ్లేమో ఇక్కడివాళ్ల మాట విని ‘తుక్కు పట్టింది’ అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: ముందు తుక్కు సంగతి తేల్చేద్దాం. కన్నడంలో తుప్పును తుక్కు అంటారు. మనకు తుక్కంటే పనికిరాని సామాను. సూపర్‌వైజరు ‘తుక్కు’ అని చూపించిన పార్టును మనవాడు తీసుకెళ్లి స్క్రాప్‌లో పడేస్తే వాణ్ణి ఏమనగలం? నోటిమాటగా ఎలా అనుకున్నా, గోడమీద రాతలో వద్దు.

తుప్పు ఇనుముదే. రాగి, ఇత్తడి సామానుకు పట్టేది చిలుము. అల్యూమినియం మనకు ఈమధ్య వచ్చిన లోహం, దానికి పట్టేదానికి పాత పేరేమీ లేదు. పాఠ్యపుస్తకాల్లో ‘లోహక్షయం’ ఉంది గానీ, షాపులో ఆ మాటంటే ఎవరికి జబ్బు చేసిందని అడుగుతారు. ‘తెల్లపొడి పట్టడం’ అనండి. చెమ్మ, ఉప్పు తగిలినచోట పొడి తెల్లగా లేస్తుంది, తుడిచి చూస్తే కింద సన్నటి గుంటలుంటాయి. కంటికి కనిపించేదాన్నే పేరుగా పెట్టుకుంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకు అసలు అభ్యంతరం ‘పూత’ మీద. పూత అంటే పైనుంచి పూసేది. ఇత్తడి గిన్నెకు తగరం పూస్తే కళాయి. పౌడర్ కోటింగ్ కూడా పూతే. ఆనోడైజింగ్‌లో బయటినుంచి తెచ్చి పూసేదేమీ లేదు. పార్టును పాజిటివ్ వైపు తగిలించి, సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పంపితే, పైనున్న అల్యూమినియమే ఆక్సైడుగా మారుతుంది. ఆ పొర కొంత లోపలికి, కొంత బయటికి పెరుగుతుంది. అందుకే పెయింటులా పెచ్చులూడదు. కనుక పొర ‘పట్టించడం’ అనాలి. తుప్పు, చిలుము వాటంతటవే పడతాయి, దీన్ని మనం పట్టిస్తాం. గాలి తగలగానే అల్యూమినియం మీద ఒక పలచటి ఆక్సైడ్ పొర దానంతటదే ఏర్పడుతుంది కూడా. అలాగని అల్యూమినియం పొరను ‘పట్టించుకుంటుంది’ అని రాసేరు, అర్థం ఎటో పోతుంది!

ఇంకొకటి. డై కాస్టింగ్‌లో ఎక్కువగా వాడే ఏడీసీ 12 అనే అల్యూమినియం మిశ్రలోహంలో సిలికాన్ 9.6 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. అల్యూమినియం మారినట్టు అది ఆక్సైడుగా మారక, పొరలో అలాగే మిగిలిపోతుంది. అందుకే ఆనోడైజింగ్ తర్వాత పార్టు బూడిదరంగుగా, మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆ మచ్చ వేరు, తెల్లపొడి వేరు. కాగితంలో రెంటికీ ఒకే మాట వాడితే చెకింగ్‌లో గొడవే.

మీ వాక్యాన్ని ‘తెల్లపొడి పట్టకుండా పార్టుకు ఆనోడైజింగ్ పొర పట్టిస్తారు’ అని మార్చండి. ‘పట్టు’ రెండుసార్లు వచ్చిందని అనిపిస్తే చివర ‘ఆనోడైజింగ్ చేస్తారు’ అన్నా చాలు.