మిల్లు షెడ్డులో పావురాలు నూకలకు పడవు, నీళ్లకు పడతాయి

ధాన్యం గోదాములో చేరిన పావురాలను చంపకుండా పట్టడం ఎలా అని అడిగారు. మండపేట దగ్గర ఒక బియ్యం మిల్లులో పదేళ్లు గుమాస్తాగా చేశాను. ఏటా ఈ పని నా మెడకే చుట్టుకునేది.

గంప బోర్లించి, అంచు కింద పుల్ల నిలిపి, తాడుతో లాగే పద్ధతి చిన్నప్పుడు మీరూ చూసే ఉంటారు. పెరట్లో ఒకటీ అరా పడతాయి. మిల్లులో మాత్రం నేలంతా గింజలే. గంప కిందికి గుప్పెడు నూకల కోసం ఏ పావురం వస్తుంది? మొదటి ఏడాది నాలుగు రోజులు తాడు పట్టుకుని కూర్చుంటే ఒక గోరింక పడింది. బస్తాలు మోసే ముఠా వాళ్లు చాలాకాలం నవ్వారు.

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలకు నీళ్లు ఆపేస్తారు కదా, అదే అదను. పొలాలకు నీళ్లు తెచ్చే పంటబోదెలు ఎండిపోతాయి. ఎండు గింజలు తినే పక్షికి నీళ్లు తప్పవు. ఇనుప వలతో బోను చేయించి, నీడలో పెట్టి, లోపల వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోయండి. వాకిలికి నిలువుగా సన్నని కమ్మీలు వేలాడదీయాలి. వాటి కింది కొసలు లోపలివైపుకే ఊగాలి, బయటికి రాకుండా గడప అడ్డుపడాలి. మొదటి నాలుగైదు రోజులు కమ్మీలు పైకి కట్టేసి ఉంచండి, భయం పోతుంది. పావురం కోడిలా తల ఎత్తదు, ముక్కు ముంచి ఒకే గుక్కగా పీలుస్తుంది. అలా నింపాదిగా తాగుతున్నాయంటే కమ్మీలు దించవచ్చు. ఒకటి లోపల ఉంటే మిగతావి ధైర్యం చేస్తాయి. బోనును పొద్దున, సాయంత్రం ఖాళీ చేయడం మరవకండి.

రాత్రిపూట చేత్తోనూ పట్టవచ్చు. టార్చి వెలుగు కళ్లలో పడితే దూలం మీదే బిగుసుకుపోతుంది. వెనుక నుంచి రెండు రెక్కలూ కలిపి ఒంటికి అదిమి, కాళ్లను చూపుడువేలు, నడివేలు మధ్య ఇరికించండి. తోక పట్టుకుంటే ఈకలే మిగులుతాయి. నా చేతిలో అలాగే మిగిలాయి, ఆ విసురుకు నిచ్చెన జారి మోచేయి కొట్టుకుపోయింది. కింద ఒక మనిషి నిచ్చెన పట్టుకోనిదే ఎక్కకండి. దారపు ఉచ్చులు మాత్రం వద్దు, కాళ్లు తెగుతాయి.

పట్టి దూరంగా వదిలితే సరిపోతుందనుకుంటే పొరపాటు. ఒకసారి రెండు గంపల పావురాలను గోదావరి దాటించి కొవ్వూరు అవతల వదిలాం. మరునాడు పొద్దున చూస్తే చాలావరకు మా దూలాల మీదే కూర్చున్నాయి. అప్పటి నుంచి ముందు పట్టడం, ఆ వెంటనే రేకుల సందులకు 50 మిల్లీమీటర్ల కన్నుల వల బిగించడం, తరువాతే వదలడం. రెండు మూడు రోజులు చూరు చుట్టూ తిరిగి, తరువాత ఊళ్లోని గుడి గోపురం చేరాయి. పూజారిగారు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

ఇదంతా మామూలు బూడిదరంగు పావురాల సంగతి. పచ్చ పావురాలు, గువ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్లవద్దు. వల బిగించే ముందు గూళ్లు చూడండి. గుడ్లు పొదగడానికి సుమారు 18 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో నెల పడుతుంది, అందాకా ఆ మూల వదిలేయండి. రెట్టను పొడిగా ఊడవకండి. నీళ్లు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని గోకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది.