నల్గొండ నుంచి పాలమూరుకు ఇల్లు మారాలంటే: మొదటి రాత్రి నుంచి వెనక్కి లెక్కేసుకోండి

మీ ఆయనకు నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌కు, అదే మన పాలమూరుకు, బదిలీ అయింది, చేతిలో నెల రోజులే ఉన్నాయి, ఇద్దరు స్కూలు పిల్లలు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది అని రాశారు. నాలుగేళ్ల కింద మాదీ ఇదే కథ. అంతకుముందు దేవరకొండకు ఒకసారి, మళ్లీ నల్గొండకు ఒకసారి మారాం కాబట్టి ఇల్లు మారడం నాకు కొత్తేమీ కాదనుకున్నాను. ఆ ధీమాయే కొంప ముంచింది.

నెల ముందే కిరాణా షాపుల నుంచి అట్టపెట్టెలు తెచ్చి, గదుల వారీగా సర్ది, స్కెచ్ పెన్నుతో పేర్లు కూడా రాశాను. సామాను ఎక్కించిన డీసీఎం వ్యాను పాలమూరు చేరేసరికి చీకటి పడింది. తలుపు తీసి స్విచ్ వేస్తే వెలుగు లేదు. కరెంటు ఉంది, బల్బులే లేవు. ముందున్నవాళ్లు హోల్డర్లు వదిలేసి బల్బులు విప్పుకుపోయారు. హమాలీలు ఫోన్ లైట్ల వెలుగులోనే సామాను దించారు. మంచాల బోల్టులు ఏ డబ్బాలో వేశానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. పిల్లలు బొంతల మూట మీదే ఒరిగి నిద్రపోయారు.

తెల్లారి పాలు పొంగించే ముచ్చట ఇంకోటి. గ్యాస్ సిలిండర్ నల్గొండలోనే అప్పజెప్పి వచ్చాం. ఇండక్షన్ స్టవ్ ఉందిగా అనుకున్నా. మా అత్తమ్మ ఇచ్చిన కొత్త ఇత్తడి గిన్నెలో పాలు పోసి దాని మీద పెడితే కీ కీ అని అరిచి ఆగిపోయింది. ఇండక్షన్‌కు అయస్కాంతం అతుక్కునే అడుగున్న గిన్నె కావాలి, ఇత్తడీ రాగీ పనికిరావు. అలాంటి గిన్నెలేమో ‘వంట సామాను 4’ పెట్టెలో ఉన్నాయి, ఆ పెట్టె అన్నిటికంటే అడుగున ఉంది. చివరికి కింద ఇంటి ఓనరమ్మ పొయ్యి మీద పొంగించాం. పాలు ఓనరమ్మ ఇంట్లో పొంగాయని మా అత్తమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకే నా మాట ఒక్కటే. సామాను ఎక్కించే రోజును పట్టుకుని కూర్చోకుండా, కొత్త ఇంట్లో పడుకునే మొదటి రాత్రి నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఆ రాత్రికి, తెల్లారి పొద్దుటికి ఏం కావాలో రాసుకోండి. రెండు బల్బులు, స్క్రూడ్రైవర్, పానా, ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఛార్జర్లు, చద్దర్లు, చాయ్ పత్తి, చక్కెర, ఒక గిన్నె, పిల్లల మందులు, బకెట్, చెంబు. ఇవన్నీ ఒక్క సంచిలో పెట్టి మీ వెంటే ఉంచుకోండి, డీసీఎంలో వేయకండి. మంచం బోల్టులు కవర్లో వేసి మంచం పట్టెకే టేపుతో చుట్టేయండి.

వారం ముందే మంచి రోజు చూసుకుని వెళ్లి పాలు పొంగించి రండి. అప్పుడే ఇల్లు మొత్తం ఓసారి చూసుకోవచ్చు. ఎన్ని బల్బులు కావాలి, ఫ్యాన్లు ఉన్నాయా, ఫ్రిజ్ పెట్టే చోట ప్లగ్ ఉందా చూడండి. నల్లా తిప్పి చూడండి. ఫ్లోరైడ్ నీళ్లు చూసిన నల్గొండవాళ్లకు నీళ్ల గురించి నేను చెప్పేదేముంది! ఏ నల్లా బోరుది, ఏది మిషన్ భగీరథ (సర్కారు తాగునీళ్ల) నల్లా, నీళ్లు ఏ టైముకు వస్తాయి, ఇవి మాత్రం తప్పకుండా అడగండి. కరెంటు మీటరు రీడింగ్ అక్కడా, ఖాళీ చేసే రోజు ఇక్కడా ఫోటో తీసి పెట్టుకోండి. పాత బిల్లు ఎవరు కట్టాలన్న తగాదా రాదు.

సర్టిఫికెట్ల ఫైలు కూడా చేతిలోనే ఉండాలి. మేము కదిలింది మే నెలలో. అప్పటికి కొత్త మామిడికాయ తొక్కు పెట్టి రెండు వారాలు. జాడీ మూతికి గుడ్డ కట్టి ఓ పెట్టె మీద నిలబెట్టాను. దేవరకొండ దాటాక ఏ స్పీడ్ బ్రేకర్ దగ్గరో ఒరిగింది. నూనె కింది పెట్టెలోకి దిగింది. అందులోనే మా ఆయన డిగ్రీ మెమోలు, పెళ్లి ఆల్బమ్. లామినేషన్ చేయించిన మెమోలు బతికాయి. ఆల్బమ్ మాత్రం ఇప్పటికీ తెరిస్తే పల్లినూనె, ఎల్లిపాయ వాసనే. తొక్కులు మూత బిగించే డబ్బాల్లోకి మార్చి, ఆ డబ్బాలను బకెట్లో పెట్టి తీసుకెళ్లండి.

పిల్లలకు టీసీతో పాటు చదివిన ప్రతి తరగతికీ బోనఫైడ్ (ఇక్కడే చదివారని స్కూలు ఇచ్చే కాగితం) ఇప్పుడే అడిగి తీసుకోండి. తెలంగాణలో సర్కారు ఉద్యోగాలకు ఏ జిల్లా, ఏ జోన్ (కొన్ని జిల్లాలు కలిపిన ప్రాంతం) లోకల్ అనేది 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే తేలుస్తారు. నల్గొండ యాదాద్రి జోన్‌లోకి వస్తుంది, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లోకి. పదేళ్ల తర్వాత ఆ కాగితం కోసం మళ్లీ పాత స్కూలు చుట్టూ తిరగడం ఎందుకు? బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి వీలైతే ఆలోపే కదలండి. ఆ తర్వాత ఆషాఢం వస్తే పెద్దవాళ్లు కదలనివ్వరు, అదో తలనొప్పి.

గ్యాస్‌కు సిలిండర్, రెగ్యులేటర్ అప్పజెప్పి, డిపాజిట్ తిరిగి తీసుకుని, వాళ్లిచ్చే కాగితం జాగ్రత్త చేయండి. కొత్త ఊళ్లో కనెక్షన్ దాని మీదే ఇస్తారు. ఆ పని చివరి రోజుకు పెట్టుకోకండి. రేషన్ గురించి కంగారు అక్కర్లేదు, రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు. ఓటు మార్చుకోవాలంటే ఫారం 8, అది నిదానంగా చేసుకోవచ్చు.

బండి మాట్లాడేటప్పుడు ఒకటికి రెండుసార్లు అడగాల్సింది హమాలీల సంగతి. మాకు కిరాయి చెప్పినాయన ఇక్కడ ఎక్కించే మనుషుల గురించే చెప్పాడు. అక్కడ దించేది ఎవరని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చీకట్లో మనుషుల కోసం వెతుక్కుని, వాళ్లు అడిగినంతా ఇచ్చాం. టోల్, వెయిటింగ్ కిరాయిలోనే ఉన్నాయో లేదో కూడా తేల్చుకోండి. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా 150 కిలోమీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున 5 గంటలకే బండి కదిలేలా రాత్రే ఎక్కించి పెట్టుకుంటే వెలుతురు ఉండగానే సామాను దించుకోవచ్చు, ఎండ దెబ్బా తప్పుతుంది. ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, ఐసు కరిగాక తుడిచి, నిలబెట్టే తీసుకెళ్లమనండి. దించగానే స్విచ్ వేయకుండా కొన్ని గంటలు వదిలేయండి.

మీ కొత్త ఇల్లు ఏ అంతస్తులో ఉందో రాయలేదు. పైన అయితే వారం ముందు వెళ్లినప్పుడు మెట్ల మలుపు దగ్గర వెడల్పు టేపు పెట్టి కొలుచుకుని రండి. మా బీరువా నాలుగేళ్లుగా కింద ఓనరమ్మ వరండాలోనే ఉంది.