నిర్బంధితుల కార్డులు తెరవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

1940లో బ్రిటన్ నిర్బంధించిన జర్మన్, ఆస్ట్రియన్ శరణార్థులపై పరిశోధన మొదలుపెడుతున్నానని రాశావు, చాలా సంతోషించాను. ఆ కాగితాల మధ్య చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కనుక ఒక మాట ముందే చెబుతాను. కార్డు మీద "శత్రుదేశీయుడు" అని కనబడితే అది పాస్‌పోర్టును బట్టి చట్టం వేసిన ముద్రే కాని, ఆ మనిషి ఎవరి పక్షమో చెప్పే మాట కాదు.

లండన్‌లో క్యూ (Kew) అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ అనే ప్రభుత్వ పత్రాల భాండాగారంలో హెచ్.ఓ. 396 అనే వరుస అడుగు, హోం శాఖ రాసి ఉంచిన ఆ కార్డులు అందులోనే ఉన్నాయి. 1939 శరత్కాలంలో ఏర్పాటైన ట్రిబ్యునళ్లు, అంటే విచారణ మండళ్లు, ఈ శత్రుదేశీయులను ఒక్కొక్కరినీ విచారించి, ఎ తరగతికి నిర్బంధం, బి తరగతికి ఆంక్షలు, సి తరగతికి స్వేచ్ఛ అని తేల్చాయి. సుమారు 73,000 మందిని విచారిస్తే ఎ తరగతిలో పడినవారు దాదాపు 600 మందే. అత్యధికులు సి తరగతివారు. అయినా జర్మన్ సేనలు ఫ్రాన్స్‌లో చొచ్చుకొస్తున్న 1940 మే నెలలో మూకుమ్మడి అరెస్టులు మొదలై, కొన్ని వారాల్లోనే సి తరగతివారి దాకా వచ్చాయి. కాబట్టి విచారణ తేదీనీ నిర్బంధం తేదీనీ పక్కపక్కన రాసుకో. ప్రమాదం లేదని తేల్చిన ప్రభుత్వమే కొన్ని నెలలకు అదే మనిషి తలుపు ఎందుకు తట్టిందన్నదే నీ అసలు ప్రశ్న కావాలి. కార్డు వెనకవైపు కూడా తప్పక చూడు. ట్రిబ్యునల్ చెప్పిన కారణాలు అక్కడ ఉండవచ్చు.

జాతీయత గడి దగ్గర మరీ జాగ్రత్త. వియన్నాలో పుట్టిన ఒక యూదు దర్జీ కార్డులో "జర్మన్" అని ఉంటే, నేను ఆలోచించకుండా అలాగే రాసుకున్నాను. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకోవడంతో ఆయన మీద పడిన జాతీయత అది. 1941 నవంబరులో విదేశాల్లో ఉన్న యూదుల పౌరసత్వాన్ని జర్మనీయే రద్దు చేసింది. బ్రిటన్ దృష్టిలో మాత్రం వాళ్లు శత్రుదేశీయులుగానే మిగిలారు. ఆ తప్పు దిద్దుకోవడానికి నాకు ఒక అధ్యాయం మొత్తం తిరగరాయవలసి వచ్చింది, ఆ మనిషికి అన్యాయం చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఓడల జాబితాలను ఒంటరిగా నమ్మవద్దు. నిర్బంధితులను కెనడాకు తీసుకువెళుతున్న అరండోరా స్టార్ 1940 జులై 2న మునిగి 800 మందికి పైగా చనిపోయారు, కాని ఎక్కినవారి జాబితాలో పొరపాట్లున్నాయి. మరొక ఆధారం దొరికేదాకా ఎవరి మరణాన్నీ ఖాయం చేయకు.

మొదటి పది కార్డుల నకళ్లు నాకు పంపు, కలిసి చదువుదాం.