స్కానింగ్ వర్క్‌షాప్ చేసినా చెయ్యి తిరగడం లేదు, ఇంకో కోర్సు చేయాలా?

రెండు రోజుల వర్క్‌షాప్ చేశాక కూడా ఆవుల చూడి పరీక్షలో స్కానింగ్ మీద నమ్మకం కుదరడం లేదు, ఇంకో పెద్ద కోర్సులో చేరనా అని అడిగారు. ఇప్పుడే వద్దనే నా మాట. వర్క్‌షాప్‌లో ప్రోబ్ (లోపలి బొమ్మను తెరకు పంపే స్కానర్ భాగం) పట్టుకోవడం వస్తుంది, చెయ్యి తిరిగేది మాత్రం మీ రోజువారీ కేసుల మీదే. వచ్చిన వారంలోనే మొదలుపెట్టాలి. నెలలు గడిస్తే తెర మీద ఏది మూత్రాశయమో ఏది గర్భాశయమో మళ్లీ తికమకే.

కృత్రిమ గర్భధారణ తేదీ కచ్చితంగా తెలిసిన ఆవులతో, 35 నుంచి 45 రోజుల మధ్య మొదలుపెట్టండి. 28-30 రోజులకే పిండం కనిపిస్తుంది గానీ కొత్త చేతికి తప్పిపోయే అవకాశం ఎక్కువ. అప్పుడు ఖాళీ అనుకుని ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ వేస్తే ఉన్న చూడి పోతుంది. ఈ తప్పుకి విరుగుడు లేదు, అందుకే అనుమానం ఉన్న ఆవుకి ఇంజెక్షన్ వేయకుండా వారం పది రోజులాగి మళ్లీ చూడండి.

ఈ స్కానింగ్ మలద్వారం గుండా చేసేది కాబట్టి పేడ పూర్తిగా తీసి, జెల్ రాసిన ప్రోబ్‌ను పేగు గోడకు గట్టిగా ఆనించాలి. మధ్యలో గాలో పేడో చిక్కుకుంటే బొమ్మ రాదు. చాలామంది అది మెషిన్ లోపమనుకుని సెట్టింగులు తిప్పుతూ కూర్చుంటారు. ముందు మూత్రాశయాన్ని గుర్తుపట్టి, అక్కడి నుంచి ముందుకు జరిగి గర్భాశయపు రెండు కొమ్ములూ చివరిదాకా చూడండి. నల్లగా ద్రవం కనిపించగానే చూడి అనకండి. ఎదలోనూ ద్రవం ఉంటుంది, చీము చేరినా ఉంటుంది. పిండం, దాని గుండె కొట్టుకోవడం చూశాకే చెప్పాలి.

ప్రతి ఆవుకీ నంబరు, తేదీ, మీ నిర్ణయం, గుండె చూశారా లేదా రాసి, వీలైతే చిన్న వీడియో దాచండి. 60-70 రోజులకు చేత్తో మళ్లీ పరీక్షించండి. ఖాళీ అన్నది చూడిగా తేలితే అది మీ చూపు తప్పే (మధ్యలో మళ్లీ ఎదకి రాకుంటే). చూడి అన్నది ఖాళీగా తేలితే మాత్రం తొందరపడి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. గుండె చూసినట్టు రాసి ఉంటే ఆ తర్వాత పిండం పోయి ఉండవచ్చు. తేడా వచ్చిన వీడియోలే అనుభవజ్ఞుడైన సహోద్యోగికి చూపించండి. ఆ ఒక్క గంట మరో వర్క్‌షాప్ కంటే విలువైనది. పొరపాట్లన్నీ ఒకే చోట, ఉదాహరణకు అండాశయాలు చదవడంలోనే వస్తుంటే, అప్పుడు దానికే పరిమితమైన కోర్సు వెతకండి.

అరుదుగా వచ్చే కేసులకు ఈ పద్ధతి పనికిరాదు. కుక్కలు, పిల్లుల గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ అలాంటిదే. అది శిక్షణ కోసం చేసిన కుక్క బొమ్మ మీద, సిబ్బంది అందరితో కలిసి సాధన చేయాలి: నిమిషానికి 100-120 నొక్కులు, రెండు నిమిషాలకోసారి మనిషి మార్పు. పశువైద్యంలో సీపీఆర్ కోసం ఇచ్చే రికవర్ (RECOVER) మార్గదర్శకాలు 2012లో వచ్చి 2024లో మారాయి. పెద్ద మోతాదు ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) ఇప్పుడు సిఫారసులో లేదు. ఆపరేషన్ గదిలో పాత మోతాదుల చార్టు ఉంటే ఈరోజే మార్చండి.