పదివేల రుసుము కార్డు గిట్టుబాటవుతుందా?

కావలిలో ఉంటూ నెలకు 40,000 రూపాయలు ఖర్చు చేసే మీరు, 10,000 రూపాయల వార్షిక రుసుము ఉన్న ప్రీమియం క్రెడిట్ కార్డు తీసుకోవచ్చునా అని అడిగారు. 18 శాతం జీఎస్టీ కలిపితే మీరు నిజంగా కట్టేది 11,800 రూపాయలు. మీ ఖర్చులో 15,000 ఇంటి అద్దెకు, పెట్రోలుకు పోతుందన్నారు. చాలా కార్డులు వాటికి రివార్డు పాయింట్లు (ఖర్చు చేసినందుకు బహుమతిగా ఇచ్చేవి) ఇవ్వవు కనుక లెక్కకు మిగిలేది ఏడాదికి 3,00,000. మీరు రాసినట్లు వందకు నాలుగు చొప్పున 12,000 పాయింట్లు వస్తాయి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది: విమాన టిక్కెట్లకు వాడితే పాయింటుకు రూపాయి, బిల్లులో తగ్గించుకుంటే పావలా అని మీరు పంపిన షరతుల్లోనే ఉంది కాబట్టి, టిక్కెట్లు కొనకపోతే ఆ పాయింట్ల విలువ 3,000 రూపాయలకు పడిపోతుంది. టిక్కెట్లు కొన్నా మిగిలేది 200 రూపాయలే. ఇక లాంజి, అంటే విమానాశ్రయంలో ఇలాంటి కార్డు ఉన్నవారు వాడుకునే విశ్రాంతి గది సంగతి. రేణిగుంటకో చెన్నైకో వెళ్లి ఏడాదికి ఒక్కసారి విమానమెక్కే కుటుంబానికి దాని వల్ల ఒరిగేది తక్కువ. పైగా ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోయినా, పడే వడ్డీ ఈ లాభాన్నంతా మింగేస్తుంది.

ఇప్పుడైతే తీసుకోవద్దనే నా సలహా. ఒకవేళ మనసు అటే లాగుతుంటే, ఎంత ఖర్చు చేస్తే రుసుము మాఫీ అవుతుందో, అందులో అద్దె, పెట్రోలు కలుస్తాయో లేదో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే సంతకం చేయండి.