రెండు కేబుళ్లూ ఒకే వరదకు ఎందుకు తెగాయి?

ప్రశ్న: మా సహకార సంఘానికి రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ కనెక్షన్లు ఉన్నాయి. ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుందనే ధీమాతో ఇంత ఖర్చు భరిస్తున్నాం. మొన్నటి వరదలో రెండూ ఒకేసారి ఆగిపోయాయి. ఇలా ఎందుకు జరిగింది? ఇకముందు ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: కంపెనీలు రెండైనా దారి ఒక్కటే అయి ఉంటుంది. ఏరు దాటడానికి ఒకే వంతెన ఉన్నచోట అందరి కేబుళ్లూ దాని పక్కన బిగించిన గొట్టాల్లోంచే వెళ్తాయి. వరదకు వంతెన నిలబడినా, దాన్ని రోడ్డుతో కలిపే మట్టికట్ట కోసుకుపోతుంది. అప్పటిదాకా కట్టలో పూడి ఉన్న గొట్టం ఆధారం లేక ప్రవాహంలో వేలాడి, వంతెన మొదట్లో బిగించిన చోటే తెగుతుంది. రైలుమార్గం పక్కనైతే భద్రమని కూడా అనుకోలేం. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి పట్టాలే గాలిలో వేలాడాయి.

కాబట్టి దారులు గీసేటప్పుడు ముందుగా తేల్చుకోవలసింది, ఒక విపత్తు ఎంత మేర దెబ్బతీయగలదన్నదే. రెండు దారుల మధ్య దూరం అంతకంటే ఎక్కువ ఉండాలి. వాగు పొంగితే కొన్ని కిలోమీటర్ల ఎడం సరిపోవచ్చు. తుపానుకైతే ఒక దారి తీరం వెంట ఉన్నప్పుడు రెండోది బాగా లోపలి జిల్లాల గుండా సాగాలి. 2006 డిసెంబరు 26న తైవాన్ దక్షిణ తీరానికి దగ్గర్లో భూకంపం వచ్చినప్పుడు, సముద్రగర్భపు వాలు మీది బురద ప్రవాహమై కిందికి దూకి తొమ్మిది కేబుళ్లను వరసగా తెంపింది. మరమ్మతుకు 11 ఓడలకు 49 రోజులు పట్టింది. తొమ్మిదీ వేర్వేరు కేబుళ్లే, కానీ అన్నీ తైవాన్, ఫిలిప్పీన్స్ మధ్య ఉన్న లూజాన్ జలసంధి అనే ఒకే ఇరుకు దారిలో పరచినవి.

భూమిలో పూడ్చితే చాలన్న సలహా కూడా సగమే నిజం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో స్తంభాలు కూలిన తీరు చూసినవారికి భూగర్భ మార్గం విలువ తెలుసు. అయితే అది గాలికి విరుగుడు, వరద కోతకు కాదు. ఏరు దాటేచోట ఖర్చైనా సరే, వరద కోసే లోతుకన్నా కిందుగా నేలను అడ్డంగా తొలిచి గొట్టం వేయడం మేలు.

ఇక మీరు చేయవలసినది: రెండు కంపెనీల నుంచీ రూటు మ్యాపు అడిగి, ప్రతి కేబుల్ ఏ వంతెన దాటుతుందో, ఏ ఎక్స్ఛేంజికి చేరుతుందో సరిచూడండి. కంపెనీలు ఒకరి ఫైబర్‌ను మరొకరు అద్దెకు తీసుకుంటుంటాయి గనుక, మీకు చెప్పకుండా దారి మార్చరాదనే షరతును ఒప్పందంలో రాయించి, ఏటా వానాకాలానికి ముందు మళ్లీ మ్యాపు తెప్పించుకోండి. మీ ఊరికి ఉన్నది ఒకే వంతెనైతే, రెండో కేబుల్‌కు పెట్టే డబ్బును అవతలి ఒడ్డు టవరుకు వైర్‌లెస్ లింకు కోసం వెచ్చించడం మంచిది. ఆ టవరుకు, మీ కార్యాలయానికి బ్యాటరీ, జనరేటరు ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.