షుగర్ సరిహద్దులో ఉంది... ఆఫీసుకు సైకిల్‌పై వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 44. నార్సింగిలో ఉంటాను, ఉద్యోగం నానక్‌రామ్‌గూడలో. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. బీపీకి అటెనలాల్ వాడుతున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన ఉన్న సైకిల్ ట్రాక్ మీదుగా ఆఫీసుకు వెళ్దామనుకుంటున్నాను. చివర్లో కొంత దూరం మాత్రం మామూలు రోడ్డే. పొగ, ట్రాఫిక్ అంటూ ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ అంటారు. ఈ దశలో శారీరక శ్రమ పెంచి, బరువు కొంత తగ్గించుకుంటే చాలామందిలో అది మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. సైకిల్ తొక్కేటప్పుడు తొడలు, పిరుదుల్లోని పెద్ద కండరాలు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే గ్లూకోజును వాడుకుంటాయి కాబట్టి మీకిది తగిన వ్యాయామమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమంటోంది. రానూపోనూ కలిపి రోజుకు 40 నిమిషాలు తొక్కితే నాలుగు రోజుల్లోనే ఆ లెక్క పూర్తవుతుంది. జిమ్‌కు డబ్బు కట్టి రెండో నెలలోనే మానేసినవారు నా దగ్గరకు తరచూ వస్తుంటారు. ఆఫీసుకు వెళ్లడం మాత్రం ఎవరూ మానరు!

మీ ఇంట్లోవారి భయంలోనూ న్యాయముంది. సైకిల్ తొక్కేవారికి ప్రాణాపాయం ప్రధానంగా మోటారు వాహనాల వల్లే వస్తుంది. 2023 అక్టోబరులో ప్రారంభమైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్‌ను వాహనాల దారి నుంచి వేరుచేసి, పైన సౌర ఫలకాల కప్పు వేశారు గనుక ఎండ బాధ కూడా కొంత తగ్గుతుంది. శ్రమ చేసేటప్పుడు ఎక్కువ గాలి పీలుస్తాం కాబట్టి సన్నని ధూళి కూడా ఎక్కువగానే లోపలికి వెళ్తుంది. అయితే వాహనాల పొగకు కొన్ని మీటర్లు ఎడంగా ఉన్నా ఆ మోతాదు తగ్గుతుంది. చలికాలంలో తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా పేరుకుంటుంది కనుక కాస్త ఎండ వచ్చాక బయలుదేరండి. ఉబ్బసం ఉంటే మాత్రం ముందే మీ వైద్యుడికి చెప్పాలి.

నన్ను ఆలోచింపజేస్తున్నది ఆ చివరి మామూలు రోడ్డే. తెల్లగీత గీసి సైకిల్ బొమ్మ వేసినంత మాత్రాన రక్షణ రాదు. తెల్లారేసరికి దాని మీద ఆటోలు, టిఫిన్ బండ్లు ఆగి ఉంటాయి. అక్కడ హెల్మెట్, వెనుక ఎర్రలైటు తప్పనిసరి. ఎడమకు తిరిగే బస్సు, లారీల పక్కన ఎప్పుడూ ఆగవద్దు. డ్రైవరుకు మీరు కనిపించరు. రద్దీ మరీ ఎక్కువగా ఉంటే దిగి నడిపించుకుంటూ వెళ్లండి.

మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకుని, ఒక ఈసీజీ తీయించుకోండి. అటెనలాల్ గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వదు కనుక చేతి వాచీలోని అంకెలను నమ్మవద్దు. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉంటే సరైన వేగంలో ఉన్నట్లే. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు సరిచేయించుకోండి, లేకపోతే నెల తిరక్కుండా మోకాలి నొప్పి వస్తుంది. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం అనిపిస్తే వెంటనే ఆపి వైద్యుడిని కలవండి. మాత్ర సొంతంగా మానవద్దు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోండి.